ఉన్ని టోపీ, తగరపు చెంచా

లతానియే రేవు, రెయూనియన్ ద్వీపం,
14 మార్చి 1988.

పెదనాన్నా,

నమస్కారాలు. యోగక్షేమాలు చివర రాస్తాను. ముందు మీతో ఒక పని ఉంది. అది చెప్పేదాకా నాకు ఊపిరాడదు.

మన వీధిగుమ్మం పైన అడ్డరాయి మీద ఒక గుర్తు చెక్కి ఉంది కదా, చేప వెన్నెముక, దాని కింద రెండు గీతలు. ఆ వెన్నుకు ముళ్ళు ఏ వైపు ఎన్ని? చిన్నప్పుడు మీ భుజాలెక్కి వేలితో తడిమి లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రావడం లేదు. పలచని కాగితం ఆ రాయి మీద పరిచి, పెన్సిలు పడుకోబెట్టి రుద్ది, ఆ ముద్ర పంపండి.

కారణం ఇది. మేము తవ్వుతున్న ఇసుకతిన్నె ఒకప్పుడు ఓడరోగుల ఆసుపత్రికి పెరడు. పుదుచ్చేరికి పోయే ఫ్రెంచి వర్తక కంపెనీ ఓడలు ఇక్కడ ఆగి, మంచినీళ్ళు ఎక్కించుకుని, లేవలేని మనుషులను దించేసి పోయేవి. దించినవాళ్ళలో చాలామంది ఈ ఇసుకలోనే ఉండిపోయారు. ఇప్పటికి ముప్పై ఒక్క గుంతలు తీశాం. పెట్టె లేదు, పేరు లేదు. పాత తెరచాప గుడ్డే కప్పు. నిన్న పంతొమ్మిదో మనిషి కుడిచేతి ఎముకల కింద ఒక తగరపు చెంచా దొరికింది. ఓడలో ఏడుగురికి కలిపి ఒకటే చెక్కగిన్నె; గిన్నె ఉమ్మడిది, చెంచా మాత్రం ఎవరిది వాళ్ళది. అక్షరం రాని మనుషులు కాబట్టి కాడ వెనక కత్తిమొనతో ఒక గుర్తు గీసుకునేవారు. ఈ కాడ మీద ఉన్నది చేప వెన్నెముక, కింద రెండు గీతలు. గుంతలో అలాగే కూలబడ్డాను. పక్కనున్న వాళ్ళు ఎండదెబ్బ అనుకుని నీళ్ళు చల్లారు.

మన మాతురెన్ జాఫ్రే 1753లో ‘సెంత్ ఉర్సుల్’ ఓడ మీద, చెక్కల సందుల్లో నార కూరి తారు పోసే పనికి కుదిరాడు. ఈ దీవిలోనే ఓడ దిగి పారిపోయాడని మన మోల్‌గ్వెన్ మొత్తం రెండు వందల ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటోంది. ఈ మనిషి అతనే అయితే, అతను పారిపోలేదు. ఆసుపత్రిలో చచ్చిపోయాడు.

‘అయితే’ అన్నాను, చూడండి. ఇంకా ఏదీ తేలలేదు. దయచేసి ఎవరికీ చెప్పవద్దు, ముఖ్యంగా ఫాదర్ కెరొమ్నెస్‌కు. మా తవ్వకాలకు పెద్ద అయిన వోక్లేర్ గారికి తొందరపాటు మాటలంటే ఒళ్ళుమంట.

నేను బాగున్నాను. నా మోకాళ్ళు మాత్రం బాగా లేవు.

మీ అనాయిక్


మోల్‌గ్వెన్ ద్వీపం,
29 మార్చి 1988.

చిరంజీవి అనాయిక్‌కు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం నిన్నటి ఉదయపు లాంచీలో చేరింది. ఎప్పటివలెనే ఎర్రసిరాతో దిద్ది ఇందులో జతపరిచాను. తప్పులు పదకొండు. ‘తల బద్దలు కొట్టుకున్నా’ వంటి ప్రయోగాలు నోటికి తగునేమో గాని కాగితానికి తగవు. మీ నాన్న పోయి, తొమ్మిదవ ఏట నీవు నా ఇంటికి వచ్చిననాటి నుండి ఇదే చెబుతున్నాను.

ముద్ర పంపుతున్నాను. ఎడమకు ఐదు ముళ్ళు, కుడికి నాలుగు. నిచ్చెన నేనే ఎక్కాను. అది చూసి ఎదురింటి బార్బ్ కెర్జో కిటికీలో నుండి అరిచింది: “ఏరా గ్వెనోలే, డెబ్బై ఏళ్ళు దాటాక నువ్వు కూడా పారిపోదామని చూస్తున్నావా? మీ వంశంలో అది మామూలే కదా!” ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. నోటిలో మూడు పళ్ళు మిగిలాయి, ఆ మూడూ కొరకడానికే. జీవితంలో మొదటిసారి బదులు నా చేతిలో ఉంది, అయినా చెప్పలేదు. నా నిగ్రహాన్ని నీవు గమనించాలి.

కథ నీకు తెలిసినదే అయినా, తెలియని భాగం ఒకటి ఉంది. సముద్రం మింగిన మనిషికి శవం ఉండదు గనుక మనవారు జానెడు మైనపు సిలువ చేసి, దానినే శవంగా తెల్లగుడ్డపై పడుకోబెట్టి, ఏడ్చి, చర్చి గోడలోని గూటికి చేరుస్తారు. ప్రతి ఇంటికీ ఆ గూటిలో ఒక సిలువైనా ఉంది. మనకు లేదు. మాతురెన్ తరువాత ఏ ఓడనాయకుడూ జాఫ్రేలను ఎక్కించుకోలేదు. మనవారు చెప్పులు కుట్టారు, ఆపై పాఠాలు చెప్పారు, అందరూ మంచాల మీదనే పోయారు. ఇంతవరకు నీవెరుగుదువు. మృతుల పండుగనాడు ఆడవారందరూ గూటి ఎదుట వరుసగా నిలిస్తే, మా అమ్మ ద్వారం దగ్గరనే నిలిచిపోయేది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. “మనవాళ్ళెవరూ అక్కడ లేరుగా నాన్నా, ఎవరి ముందు నిలబడను?” అనేది. నవంబరు గాలి ఆ ద్వారం గుండా నేరుగా వచ్చేది. ఆ గాలి నా వీపుకు నేటికీ గుర్తు.

నేనెవరికీ చెప్పలేదు, ఫాదర్ కెరొమ్నెస్‌కు తప్ప. గురువుకు చెప్పడం చెప్పడం కాదు. అది దేవుని ముందు తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంతో సమానం. మాతురెన్ ఓడకు చెందినవాడుగా చనిపోయాడని రుజువైతే అతనికి సిలువ చేయించడానికి ఆయనకు అభ్యంతరం లేదట.

కనుక ఒక కోరిక. నీ నుండి నేనెన్నడూ ఏదీ అడగలేదు. ఆ సమాధి ఇసుక గుప్పెడు పంపు. మైనంలో కలిపిస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న గ్వెనోలే జాఫ్రే


లతానియే రేవు,
20 ఏప్రిల్ 1988.

పెదనాన్నా,

నమస్కారం. ఫాదర్‌కు చెప్పవద్దని మరీ మరీ రాస్తే సరిగ్గా ఆయనకే చెప్పారు! ఆయనకు చెబితే ఆయన వంటమనిషికి చెప్పినట్టే. వంటమనిషికి చెబితే గంట కొట్టి చాటినట్టే. నా మాట మీకు ఎప్పుడూ దిద్దడానికే తప్ప వినడానికి పనికిరాదు.

సరే. మీరు పంపిన ముద్ర చెంచా మీది గుర్తుతో సరిపోయింది. ఎడమకు ఐదు, కుడికి నాలుగు. కింద రెండు గీతల్లో రెండోది కాస్త వంకర, అదీ సరిపోయింది. అంటే ఈ చెంచా మాతురెన్‌ది, అందులో సందేహం లేదు. మనిషి మాతురెనా అన్నది వేరే ప్రశ్న. వోక్లేర్ గారు పళ్ళూ ఎముకలూ పరీక్షకు పంపారు. రెండుమూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆగండి.

ఇసుక పంపడం మా నియమాలకు విరుద్ధం. తెలిస్తే నన్ను ఇంటికి పంపిస్తారు. అయినా ఈ ఉత్తరంతో పాటు దగ్గుబిళ్ళల డబ్బా ఒకటి వస్తుంది. అందులో దగ్గుబిళ్ళలు ఉండవు. ఇరవై ఐదేళ్ళలో మీరు నన్ను అడిగింది ఇదొక్కటే అని రాశారు. నిజమే. లెక్క చూసుకున్నాను. బామ్మ ద్వారం దగ్గర నిలబడేదని మీరు నాకెప్పుడూ చెప్పలేదు.

దాన్ని దగ్గర ఉంచుకోండి. మైనంలో మాత్రం అప్పుడే కలపవద్దు.

అనాయిక్


మోల్‌గ్వెన్,
12 మే 1988.

చిరంజీవి అనాయిక్‌కు ఆశీస్సులు.

డబ్బా క్షేమంగా చేరింది. ఇసుక నేననుకున్నంత తెల్లగా లేదు. నల్లగా, బరువుగా ఉంది. మా అమ్మ పటం ముందు పెట్టాను. నీ ఉత్తరంలో తప్పులు ఆరే; అభివృద్ధి కనిపిస్తున్నది.

నీవు చెప్పినట్లే వంటమనిషి తన పని తాను చేసింది. శనివారం రొట్టెల దుకాణంలో బార్బక్క నా దారికి కర్ర అడ్డం పెట్టింది. దుకాణం నిండా మనుషులు.

“నిజమేనట్రా గ్వెనోలే? మీవాడు చచ్చాడటగా?”

“చనిపోయాడు” అని సవరించాను.

“చచ్చాడో, చనిపోయాడో! పారిపోలేదు కదా?”

“లేదు.”

ఆమె కర్ర పక్కకు తీసింది. తరువాత దుకాణం వైపు తిరిగి, “అయితే ఎనభై ఏళ్ళుగా ఈ నోరు ఊరికే నొప్పెట్టిందన్నమాట” అన్నది.

సిలువను ఎదురింటి పెద్ద ఆడమనిషి మోయడం మన ఆచారం. అడగడానికి నేను సంకోచిస్తూ ఉంటే ఆమెయే అందుకుంది: “నేనే మోస్తాను. మా జూలియన్ సిలువ మీ ఇంటి ఆడది మోయవలసింది, మావాళ్ళు మోయనివ్వలేదట. పారిపోయినవాడి పెళ్ళాం ముట్టుకోకూడదని పక్కింటివాళ్ళను పిలిచారట. మా నాయనమ్మ గొప్పగా చెప్పేది ఆ సంగతి. సరిచేసుకోవాలి కదరా, పోయేలోగా.”

జూలియన్ కెర్జో మాతురెన్‌తో పాటు అదే ఓడ ఎక్కినవాడు. చర్చిలో గూటి క్రింద ఉన్న పేర్ల పలక మీద అతని పేరు ప్రక్కన ‘జాడ తెలియదు’ అని ఉన్నది, నీవు చూచే ఉంటావు.

సిలువ నవంబరు రెండున, మృతుల పండుగనాడు. ఫాదర్ ప్రకటించారు. మీ వోక్లేర్ గారి పళ్ళ పరీక్షకు అప్పటివరకు వ్యవధి ఉన్నది. ఆయన తేల్చినా తేల్చకున్నా చెంచా మనది, నీవే వ్రాశావు.

నీ పెదనాన్న


లతానియే రేవు,
3 సెప్టెంబరు 1988.

పెదనాన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. నాలుగోసారి ఏది వస్తే అది పంపుతున్నాను.

పరీక్షలు వచ్చాయి. నార కూరేవాడు ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద కూర్చుని కొయ్యసుత్తితో కొడతాడు. కుడి భుజం, మోచెయ్యి అరిగిపోవాలి, మోకాళ్ళు చెడిపోవాలి. ఈ మనిషి మోకాళ్ళు నా మోకాళ్ళ కంటే నయం. భుజాలు రెండూ సమానం. పై ముందుపళ్ళలో మాత్రం సన్నని గాడి ఉంది, రంపంతో కోసినట్టు. మైనం రాసిన దారాన్ని రోజూ పళ్ళతో పట్టి లాగేవాడికి తప్ప అలాంటి గాడి పడదు. ఇతను తెరచాపలు కుట్టేవాడు, పెదనాన్నా. ఆ ఓడ మీద అలాంటివాళ్ళు ముగ్గురుండేవారట, పేర్లు దొరకలేదు.

మరి చెంచా ఎలా వచ్చిందంటే, వోక్లేర్ గారు ఒక్కమాటలో చెప్పారు. ఓడలో చచ్చినవాడి సామానూ, పారిపోయినవాడి సామానూ పెద్ద తెరచాప కొయ్య మొదట్లో పెట్టి తోటివాళ్ళకే వేలం వేసేవారు. మాతురెన్ సామాను అలాగే పోయి ఉంటుంది. చెంచా అతని పెట్టెలోనే ఉండి ఉంటుంది. పెట్టె కొన్నవాడికి దానితో పాటే వెళ్ళి ఉంటుంది. అతను తర్వాత జబ్బుపడి ఈ ఇసుకలో చేరాడు. కొత్త గుర్తు గీసుకునే తీరిక కూడా లేదు పాపం.

మీరు బడిపంతులుగా ఉంటూనే సెలవుల్లో లోరియాన్ వెళ్ళి, కంపెనీ ఓడల దస్తావేజుల గదిలో కూర్చునేవారు. ఆ వేలం పట్టీ ఎప్పుడైనా మీ కంటపడిందా? అదొక్కటి దొరికితే మొత్తం తేలిపోతుంది. అంతవరకు సిలువ ఆపండి. కాళ్ళు పట్టుకుంటాను, ఆపండి. ఎవరిదో తెలియని మనిషి ఇసుక అది.

అనాయిక్


మోల్‌గ్వెన్,
24 సెప్టెంబరు 1988.

అనాయిక్‌కు,

నీ ఉత్తరం అందినది. దిద్ది పంపుతున్నాను. తప్పులు పద్నాలుగు, తొందరలో వ్రాస్తే ఇంతే.

నార కూరేవాడు కూడా నారను పళ్ళతోనే చీల్చుతాడని మీ వోక్లేర్ గారికి తెలియదు గాబోలు. పారిసు నుండి వచ్చినవారికి పళ్ళు తెలుస్తాయి, పనివారు తెలియరు. నాలుగు ఎముకలు చూచి ఒక మనిషి వృత్తిని నిర్ణయించేవారు, వాకిలి రాతి మీద ఉన్న గుర్తును చూడలేకపోవడం విచారకరం. నీవు ఆయన మాటను నా మాటకు పైన పెట్టడం అంతకన్న విచారకరం.

నీవడిగిన పట్టీ లేదు. నేను చూడలేదు. ఉంటే నాకు కనిపించకుండా ఉండదు.

మైనం వచ్చినది. ఫాదర్‌కు మాట ఇచ్చాను, ఊరికి మాట ఇచ్చాను. ఆపను.

గ్వెనోలే జాఫ్రే


మోల్‌గ్వెన్,
3 నవంబరు 1988.

చిరంజీవి అనాయిక్‌కు,

నా ఉత్తరానికి నీవు బదులు వ్రాయక ఆరువారాలైనది. కోపంతో ఉన్నావని గ్రహించాను. అయినా నిన్న జరిగినది నీకు తెలియాలి. మన ఇంటిలో ఇక మిగిలినది నీవొక్కతెవు.

ఉదయం పదిగంటలకు బార్బక్క మన గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఎదురెదురు ఇళ్ళే అయినా కెర్జోల మనిషి మన గడప తొక్కడం నేనెరిగినంతలో అదే మొదలు. తెల్ల లేసు టోపీ గంజిపెట్టి ఇస్త్రీ చేసినది. కాళ్ళకు మాత్రం పాత కొయ్యజోళ్ళే. బల్ల మీద తెల్లగుడ్డపై సిలువ ఉన్నది. మైనంలో ఆ నల్ల ఇసుక మిరియాల పొడి చల్లినట్లు కనిపిస్తున్నది. ఆమె దానిని పసిబిడ్డను ఎత్తినట్లు రెండు చేతులతో ఎత్తుకుంది. “బరువుందిరా మీవాడు” అన్నది.

కొండ ఎక్కేటప్పుడు మూడుచోట్ల ఆగింది. ఎవరినీ చేయి పట్టుకోనివ్వలేదు. బేకరీ వారు దుకాణం మూసి బయట నిలబడ్డారు. చర్చిలో గూటి ఎదుట ఆగి, ఫాదర్ అందుకోబోతుంటే ఇవ్వకుండా, జనం వైపు తిరిగి గట్టిగా అన్నది:

“నేను కెర్జోల ఆడదాన్ని. మా ఇంట్లో ఎనిమిది తరాల ఆడవాళ్ళు ఈ మనిషిని తిట్టారు. అందరికంటే ఎక్కువ నేనే తిట్టాను. గ్వెనోలే తల్లి ఆ తలుపు దగ్గర నిలబడితే మేము వెనక్కి తిరిగి చూసి నవ్వుకునేవాళ్ళం. తప్పయింది. ఒరేయ్ గ్వెనోలే, క్షమించానని పైకి చెప్పు, అందరూ వినాలి.”

చెప్పాను.

సిలువను గూటిలో జూలియన్ కెర్జో సిలువ ప్రక్కనే పెట్టింది. ఒకే ఓడవారు కదా అన్నది. పిదప పలక మీద కొత్తగా చెక్కిన మాతురెన్ పేరు వేలితో తడిమింది. ఆమెకు చదవడం రాదు.

నేను మా అమ్మ తరఫున గూటి ఎదుట మొదటి వరుసలో నిలబడ్డాను. అక్కడ గాలి రాదు.

నీవు ఇసుక పంపావు. అందుకు కృతజ్ఞుణ్ణి.

పెదనాన్న


లతానియే రేవు,
20 నవంబరు 1988.

పెదనాన్నా,

మీరు సెప్టెంబరులో దిద్ది పంపిన నా ఉత్తరాన్ని నేను విప్పనైనా లేదు. సంచి అడుగున పడేశాను. మీ మూడో తారీఖు ఉత్తరం చదివాక, బార్బత్త మాటలు చదివాక, ఏడుపొచ్చి, మీ చేతిరాత ఇంకొంచెం చూడాలనిపించి అది తీశాను. మీకు దూరంగా ఉన్నప్పుడు ఎర్రసిరా కూడా మనిషిలాగే ఉంటుంది.

తప్పులు పద్నాలుగు అన్నారు. లెక్కపెట్టాను. పదమూడు నా భాషవి. పద్నాలుగోది కాదు.

‘చెంచా అతని పెట్టెలోనే ఉండి ఉంటుంది, పెట్టె కొన్నవాడికి దానితో పాటే వెళ్ళి ఉంటుంది’ అని నేను రాశాను. మీరు ఆ వాక్యం కింద గీత గీసి అంచులో ఇలా రాశారు: ‘పెట్టెతో కాదు. విడిగా, ఉన్ని టోపీతో కలిపి.’

ఏ ఉన్ని టోపీ, పెదనాన్నా?

మీరు చూడని పట్టీలో ఉన్న టోపీ సంగతి మీకెలా తెలిసింది? అదే ఉత్తరంతో పంపిన కాగితంలో ‘నేను చూడలేదు’ అని రాశారు. రెండూ ఒకే చేతితో, ఒకే పూట రాసి ఉంటారు. నాకు అబద్ధం చెప్పడానికి మీరు వెనకాడలేదు. నా తప్పును మాత్రం దిద్దకుండా వదల్లేకపోయారు.

ఆ పట్టీ పంపండి. లేదంటే వోక్లేర్ గారే లోరియాన్ వెళతారు; అప్పుడు మీ పేరు అందులోకి వస్తుంది. నేను బెదిరించడం లేదు. అడుగుతున్నాను. ఇసుక అడిగినప్పుడు నేను ఇచ్చాను.

అనాయిక్


మోల్‌గ్వెన్,
8 డిసెంబరు 1988.

అనాయిక్,

నకలు జతపరిచాను. 1958లో లోరియాన్‌లో నా చేతితో ఎత్తి వ్రాసుకున్నది. ఆ కట్టను నా తరువాత ఎవరూ విప్పినట్లు లేదు. నీవున్న దీవికి ఆనాటి పేరు బూర్బన్. ఉన్నది ఉన్నట్లు:

‘బూర్బన్ ద్వీపమున ఓడ విడిచి పారిపోయిన మాతురెన్ జాఫ్రే సామాను, పెద్ద తెరచాప కొయ్య మొదట వేలము వేయబడినది. పెట్టె ఒకటి, చొక్కాలు రెండు, వంటవానికి. కొయ్యసుత్తి ఒకటి, నార కూరు ఉలులు మూడు, వడ్రంగికి. ఉన్ని టోపీ ఒకటి, తగరపు చెంచా ఒకటి, తెరచాపలు కుట్టు జూలియన్ కెర్జోకు.’

మరో కట్టలో అదే ఓడ రోగుల పట్టీ ఉన్నది: ‘జూలియన్ కెర్జో, ఆసుపత్రికి దించబడెను.’ తరువాత ఏమీ లేదు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. నీ గుంతలో ఉన్నది ఎవరో నీకన్న ముందు, మీ వోక్లేర్ గారికన్న ముందు నాకు తెలుసు. నిచ్చెన ఎక్కి ముద్ర తీస్తున్నప్పుడు, కిటికీలో నుండి ఆమె నన్ను వెక్కిరిస్తున్నప్పుడు కూడా తెలుసు.

1958లో మా అమ్మే నన్ను లోరియాన్ పంపింది. ఆమెకు అప్పటికే జబ్బు ముదిరింది. “నువ్వు చదువుకున్నవాడివి, వెళ్ళి చూడరా. ఏదో ఒక పొరపాటు జరిగే ఉంటుంది” అన్నది. వెళ్ళాను, చూచాను. పొరపాటు లేదు. ఇంటికి వచ్చి, కాగితాలు చెదలు తిన్నాయని చెప్పాను. “అయితే పొరపాటు జరిగే ఉంటుంది” అని ఆమె తృప్తి పడింది. మరుసటి ఏడు పోయింది. ఆనాటి నుండి అది నా అబద్ధం కాదు, ఆమె నమ్మకం. నేను దానిని కాపాడుతూ వచ్చాను. ఇలా వ్రాసుకుంటే సమర్థన వలె ఉన్నది. కొట్టివేయను; ఉండనీ.

అంచులో నేను వ్రాసినది నేను గమనించలేదు. నీ వాక్యం తప్పు. తప్పు కనిపిస్తే చేయి తనంతట తాను వెళుతుంది. నలభై ఏళ్ళు ఆ చేయి చూచి గర్వపడ్డాను.

ఏమి చేయదలచావో చేయి.

గ్వెనోలే జాఫ్రే


లతానియే రేవు,
6 జనవరి 1989.

పెదనాన్నా,

నివేదిక మార్చిలో అచ్చవుతుంది. పంతొమ్మిదో సమాధి దగ్గర ‘జూలియన్ కెర్జో, తెరచాపలు కుట్టేవాడు, మోల్‌గ్వెన్’ అని ఉంటుంది. ముప్పై ఒక్కమందిలో పేరు దొరికింది అతనికొక్కడికే. ఇసుక సంగతి వోక్లేర్ గారికి నేనే చెప్పేశాను. ఈ తవ్వకం ముగిశాక ఆయన నన్ను మళ్ళీ పిలవరు. అది నా సంగతి, మీరు పట్టించుకోవద్దు.

మీరు చేయవలసింది ఒకటుంది. అచ్చు కాకముందే బార్బత్తకు చెప్పండి. ఆవిడ మోసింది ఎవరినో ఆవిడకు తెలియాలి. ఉత్తరంలో నేను రాయగలను, కానీ ఎవరో చదివి వినిపించాలి. ఆ ఎవరో మీరే అవుతారు. అంతకంటే మీరే వెళ్ళి చెప్పడం మర్యాద.

ఇంకో మాట. ఇన్నాళ్ళు ఇక్కడ కూర్చుని ఈ మనుషుల ఎముకలు తుడిచాను. ముప్పై ఒక్కమందిలో ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళు నలుగురే. చిగుళ్ళు కుళ్ళి పళ్ళు ఊడినవాళ్ళు పంతొమ్మిదిమంది. ఇద్దరికి కాళ్ళ ఎముకల మీద గొలుసుల గాట్లు. మాతురెన్ ఈ ఒడ్డున దిగి, వీళ్ళను మోసుకుపోవడం చూసి, కొండల్లోకి నడిచిపోయాడు. ఆ ఓడలో బతకాలనుకున్నవాడు అతనొక్కడేనేమో. దానికి ఎనిమిది తరాల సిగ్గు. దానికి బామ్మ నవంబరు గాలిలో. దానికి మీ జీవితం మొత్తం. సుత్తి, చెంచా, టోపీ కూడా వదిలేసి, ఒట్టి చేతులతో పోయిన మనిషి కోసం. మీరు నాకు ఎన్నో నేర్పారు, అతను నడిచిపోయింది సరైన పనేమోనన్న ఒక్క ముక్క తప్ప.

బార్బత్తకు చెప్పండి.

అనాయిక్


మోల్‌గ్వెన్,
16 ఫిబ్రవరి 1989.

అనాయిక్,

నీ ఉత్తరం వచ్చిన తరువాత మూడుమార్లు ఆమె గుమ్మం వరకు వెళ్ళాను. మూడవమారు ఫిబ్రవరి రెండు, కొవ్వొత్తుల పండుగ. ఆమె పొయ్యి ముందు కూర్చుని నల్లగోధుమ అట్లు పోస్తున్నది. తలుపు తీసే ఉన్నది.

“రారా, కూర్చో. మొదటి అట్టు మాడింది, అది నీకే” అన్నది.

తిన్నాను. నిజంగానే మాడింది. “బార్బక్కా, జూలియన్ గురించి ఒక మాట” అన్నాను.

“జూలియన్ గురించి నువ్వేం చెప్తావురా? ఎక్కడో నీళ్ళలో ఉన్నాడు. మీవాడికి ఇసుకన్నా దొరికింది. మావాడికి అదీ లేదు.” పెనం మీద అట్టు తిప్పింది. “పోనీలే. ఒకే ఓడవాళ్ళు. ఇద్దరిలో ఒక్కడన్నా నేలకు చేరాడు. ఆ రోజు వాణ్ణి మోస్తుంటే నాకేమనిపించిందో తెలుసా? మా జూలియన్‌నే మోస్తున్నట్టు అనిపించింది. ముసలిదాన్ని కదా, అలాగే ఉంటుంది. ఇంకోటి తింటావా?”

ఇంకొకటి తిన్నాను. వెన్న ఎక్కువ వేసింది. లేచి ఇంటికి వచ్చాను.

తొమ్మిదవ తేదీన ఆమె పోయింది. పొయ్యి ముందరి కుర్చీలోనే. కెర్జోలలో ఆమెయే చివరిది. లోరియాన్‌లో గాని మరెక్కడ గాని వారి మనిషి లేడు. నివేదిక ఎవరికి చదివి వినిపించాలో ఇక చూడనక్కరలేదు. ఫాదర్ కెరొమ్నెస్‌కు మాత్రం చెప్పాను, ఈసారి నిజంగా పాపసంకీర్తనంలోనే. సిలువను గూటిలో నుండి తీయమంటారా అని నేనే అడిగాను. “అందులో ఉన్నది జూలియనే కదా. ఉండాల్సిన చోటే ఉన్నాడు” అన్నారు. మాతురెన్ పేరు మాత్రం పలక మీద నుండి చెరిపించివేస్తారు.

ఆమె అంత్యక్రియలకు ఎదురింటివాణ్ణి గనుక మొదటి వరుస నాకు విడిచిపెట్టారు. నేను ద్వారం దగ్గర నిలబడ్డాను. ఫాదర్ చూచి తల దించుకున్నారు. తక్కినవారు మాస్టారికి వినయమెక్కువ అనుకున్నారు. బేకరీ ఆమె కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేదు. ఫిబ్రవరి గాలి కూడా నవంబరు గాలి వంటిదే.

నీ నివేదిక నాకు పంపవద్దు.

నీ ఉత్తరం తిరిగి పంపుతున్నాను. చివరన ‘దానికి’ అని మొదలయ్యే మూడు వాక్యాలకు క్రియ లేదు. దిద్దలేదు.

పెదనాన్న